మోడల్ రైల్వే స్టేషన్ కప్పుకు షింగిల్స్ వేయడం: చూరు నుంచి కొప్పు దాకా

మోడల్ రైల్వే భవనాలు కట్టేవాళ్లలో చాలామంది గోడలు, కిటికీలు, ప్లాట్‌ఫాం వరకు చక్కగా లాక్కొస్తారు. కప్పు దగ్గరికి వచ్చేసరికి కిట్‌తో పాటు వచ్చిన అచ్చు కాగితం అంటించి ముగిస్తారు. లేఅవుట్ (పట్టాలు, భవనాలు అమర్చిన బల్ల) మీద భవనాన్ని మనం ఎప్పుడూ పైనుంచే చూస్తాం కాబట్టి కంటికి ముందు ఆనేది కప్పే. షింగిల్స్ అంటే కప్పు మీద వరుసలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచే పల్చటి చెక్క లేదా తారు ముక్కలు. "షింగిల్స్ వరుసలు తిన్నగా రావడం లేదు", "జిగురు పడగానే కాగితం లేచిపోతోంది", "కప్పు మొత్తం విల్లులా వంగింది" అని హైదరాబాద్‌లో ఈ హాబీ మొదలుపెట్టినవాళ్లు పదేపదే అడుగుతున్నారు. అందుకే ఈ పని మొత్తాన్ని ఒక వరుసలో రాస్తున్నాను.

ఇక్కడ చెప్పే పద్ధతి కాగితం పట్టీలతో చేసేది. ఒక్కో పట్టీ కింది అంచుకు గాట్లు పెడితే అది ఒక వరుస షింగిల్స్‌లా కనిపిస్తుంది. అమెరికన్ తరహా చెక్క షింగిల్స్ కప్పును ఉదాహరణగా తీసుకున్నాను. మన బెంగళూరు పెంకుల కప్పుకు ఏమేం మార్చుకోవాలో 10వ భాగంలో ఉంది.

పని పొడవునా ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి: ఇక్కడ వాన కురిస్తే నీళ్లు ఎటు పోతాయి? ఏ ముక్క కింద ఉండాలి, ఏది పైన ఉండాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్న సందేహాలన్నీ దాంతోనే తేలిపోతాయి.

1. ముందు కొలతలు

హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87. అసలు కప్పులో 1 అడుగు ఉన్నది మోడల్‌లో 3.5 మి.మీ. అవుతుంది. ఓఓ స్కేల్‌లో 4 మి.మీ., ఎన్ స్కేల్‌లో (1:160) సుమారు 1.9 మి.మీ.

షింగిల్‌లో ఎక్కువ భాగం పై వరుస కింద దాగి ఉంటుంది. బయటికి కనిపించేది కింది అంచు దగ్గరి భాగం మాత్రమే. మనకు ముఖ్యం ఆ కనిపించే కొలత.

- తారు షింగిల్స్: 3 రెక్కల రకంలో (కింది అంచు గాట్లతో 3 భాగాలుగా కనిపించేది) ఒక్కో షింగిల్ 36 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు. కనిపించేది 5 అంగుళాలు. హెచ్‌ఓలో 1.5 మి.మీ. ఒక్కో రెక్క వెడల్పు 3.5 మి.మీ.
- చెక్క షింగిల్స్: 16, 18, 24 అంగుళాల పొడవుల్లో ఉంటాయి. బాగా వాలున్న కప్పు మీద కనిపించేది 16 అంగుళాల రకానికి 5 అంగుళాలు, 24 అంగుళాల రకానికి 7.5 అంగుళాలు. హెచ్‌ఓలో 1.5 నుంచి 2.2 మి.మీ. వెడల్పులు మాత్రం ఒకేలా ఉండవు. 1 మి.మీ. నుంచి 4 మి.మీ. దాకా కలగాపులగంగా పెట్టుకోవచ్చు.

మొదటి కప్పు చేసేవాళ్లు 2 మి.మీ. కనిపించేలా పెట్టుకోండి. పొడవు రకం చెక్క షింగిల్స్‌కు ఇది దాదాపు సరిపోతుంది, చేతికీ వీలుగా ఉంటుంది. 1.5 మి.మీ.తో మొదలుపెట్టి సగంలో విసుగొచ్చి వదిలేసే కన్నా ఇది మేలు.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. కప్పు పొడవు 160 మి.మీ., ఒక్కో వాలు చూరు (కప్పు కింది అంచు) నుంచి కొప్పు (రెండు వాలులు పైన కలిసే అంచు) దాకా 64 మి.మీ. అనుకోండి. వరుసకు 2 మి.మీ. చొప్పున ఒక వాలుకు 32 వరుసలు, రెండు వాలులకు 64. చూరు దగ్గర మొదటి వరుస కింద వేసే అడుగు పట్టీలు 2, పాడైపోయేవాటికి ఓ 10 కలుపుకుంటే 76 పట్టీలు కావాలి. ఒక్కో పట్టీ ఎత్తు 5 మి.మీ. ఏ4 కాగితాన్ని పొడవు వైపు కోస్తే 42 పట్టీలు వస్తాయి. అంటే 2 కాగితాలు చాలు. ఖర్చు ఏమీ లేదు, పట్టేదల్లా ఓపికే.

2. సామాను

- స్టీల్ స్కేలు. ప్లాస్టిక్ స్కేలు వద్దు, బ్లేడు దాన్ని తినేస్తుంది.
- విరిచే బ్లేడు ఉన్న పేపర్ కట్టర్, కొత్త బ్లేళ్లు
- కటింగ్ మ్యాట్
- సన్న మొన ఉన్న ట్వీజర్స్
- 0.5 మెకానికల్ పెన్సిల్
- ఫెవికాల్, నంబర్ 2 చదును బ్రష్
- కాగితం: చెక్క షింగిల్స్‌కు 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), పెంకులకు 180 నుంచి 200 జీఎస్ఎం
- కప్పు పలకకు (షింగిల్స్ అంటించే అడుగు అట్ట) 1.5 మి.మీ. మౌంట్ బోర్డు అనే మందపాటి అట్ట, లేదా 2 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నారతో చేసిన పలక)
- యాక్రిలిక్ రంగులు, మ్యాట్ వార్నిష్

స్కేలు, కట్టర్, ట్వీజర్స్ లాంటివి రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో చూడండి. కోఠి, సుల్తాన్ బజార్ వైపు స్టేషనరీ దుకాణాల్లో కాగితం, బోర్డు అడగవచ్చు. గట్టి కాగితం రకరకాల మందాల్లో కావాలంటే ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే చోట కత్తిరించగా మిగిలిన ముక్కలు ఉంటాయేమో అడిగి చూడండి. మనకు కావాల్సింది అరచేయి వెడల్పు ముక్కలే కాబట్టి అవి బాగా పనికొస్తాయి.

కాగితం మందం గురించి ఒక మాట. 80 జీఎస్ఎం కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 9 మి.మీ. వస్తుంది. చెక్క షింగిల్ కింది అంచు మందం కూడా దాదాపు అంతే. ఇంకా మందంగా ఉంటే బాగా కనిపిస్తుందని కార్డు వాడతారు కొందరు. అప్పుడు కప్పు మెట్లు మెట్లుగా తయారవుతుంది. వాడకండి.

3. కాగితం పోగు చూసుకోవడం

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. కాగితం లేచిపోవడానికి సగం కారణం ఇదే.

కాగితంలో నార ఒక దిక్కుకు పరుచుకుని ఉంటుంది. తడి తగిలితే కాగితం ఆ పోగుకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, పోగు పొడవునా చాలా తక్కువ. మన పట్టీ పొడవు పోగు దిక్కునే ఉండాలి. అప్పుడు జిగురు తడికి పట్టీ పొడవు మారదు, అలలు అలలుగా లేవదు.

చూడటం తేలిక. కాగితం అంచు నుంచి చింపండి. తిన్నగా చినిగితే అది పోగు దిక్కు. వంకరటింకరగా పక్కకు పోతే అడ్డం. ఇంకా అనుమానంగా ఉంటే చిన్న చదరపు ముక్క కోసి, దిక్కు గుర్తుపెట్టి, ఒక వైపు తడి వేలితో రాయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కుకు ఉందో అదే పోగు. జిరాక్స్ కాగితాల్లో ఎక్కువ భాగం పోగు పొడవు వైపే ఉంటుంది, అయినా ఒకసారి చూసుకోండి.

4. పలకను సిద్ధం చేయడం

నీళ్లున్న జిగురు ఒకే వైపు పడితే ఏ బోర్డయినా వంగుతుంది. దానికి రెండు జాగ్రత్తలు.

మొదటిది, పలకకు రెండు వైపులా, అంచులకు కూడా పల్చగా వార్నిష్ పూసి పూర్తిగా ఆరనివ్వండి. రెండోది, పలక అడుగున 5 మి.మీ. చదరపు చెక్క పుల్లలు కొప్పు వెంట ఒకటి, చూరుకు కాస్త లోపలగా ఒకటి అంటించండి. గోడలకు తగలకుండా ముందే భవనం మీద పెట్టి చూసుకోవాలి. ఎండీఎఫ్ పలకకైనా పుల్లలు పెట్టండి, నష్టం లేదు.

రెండు వాలులను కొప్పు దగ్గర కలిపి అతికించాకే షింగిల్స్ మొదలుపెట్టండి. విడివిడిగా వేసి తర్వాత కలిపితే రెండు వైపుల వరుసలు కొప్పు దగ్గర ఎత్తుపల్లాలుగా వస్తాయి.

లోపల లైటు పెట్టాలనుకుంటే పలక అడుగుకు నల్ల రంగు ఇప్పుడే వేసేయండి. లేకపోతే రాత్రి పూట కప్పు మొత్తం వెలుగుతుంది.

5. గీతలు: అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు

షింగిల్ కింది అంచు ఎక్కడ కూర్చోవాలో అక్కడ గీత గీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా గీస్తే ఆ గీతలు పనికిరావు. మొదటి వరుస 5 మి.మీ. ఎత్తున్న పట్టీ. అది అంటించగానే రెండో, మూడో వరుసల గీతలు దాని కిందకు పోతాయి. అక్కడి నుంచి కంటి అంచనా మీదే వేయాల్సి వస్తుంది, వరుసలు వంకర పోయేది అందుకే.

గీత పట్టీ పై అంచుకు గీయాలి. పై అంచు కూర్చునే చోటు ఎప్పుడూ ఖాళీ పలక మీదే ఉంటుంది, కాబట్టి గీత కనిపిస్తూనే ఉంటుంది. పట్టీల ఎత్తు అన్నీ సమానంగా ఉంటే కింది అంచులు వాటంతట అవే తిన్నగా వస్తాయి.

కొలత ఇలా:

1. మొదటి వరుస చూరు దాటి 1 మి.మీ. బయటికి రావాలి. పట్టీ 5 మి.మీ. కాబట్టి దాని పై అంచు చూరు నుంచి 4 మి.మీ. దగ్గర. అక్కడ మొదటి గీత.
2. ఆపైన ప్రతి 2 మి.మీ.కు ఒక గీత: 6, 8, 10, 12... కొప్పు దాకా.
3. ఎడమ చివర, కుడి చివర, మధ్యలో మూడు చోట్ల చుక్కలు పెట్టి కలపండి. ప్రతిసారీ చూరు నుంచే కొలవండి. ముందు గీత నుంచి 2 మి.మీ. చొప్పున కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి.
4. ప్రతి ఐదో గీతను కాస్త ముదురుగా గీయండి. లెక్క తప్పకుండా ఉంటుంది.

ఇప్పుడు వాలు ఎడమ చివర, కుడి చివర చూరు నుంచి కొప్పు దాకా కొలిచి చూడండి. తేడా లేకపోతే సరే. అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో తేడా ఉంటే దాన్ని చివరి 10 గీతల్లో కొంచెం కొంచెంగా పంచండి. వరుసకు 0.1 మి.మీ. తేడాను ఏ కన్నూ పట్టుకోలేదు. అదంతా చివరి ఒక్క వరుసలో పడితే ఎవరికైనా కనిపిస్తుంది.

అవతలి వాలుకూ ఇవే కొలతలు.

6. పట్టీలు కోయడం

ముందు గాట్లు, తర్వాత పట్టీలు. ఈ వరుస మార్చకండి. 5 మి.మీ. పట్టీ విడిగా కోశాక దానికి గాట్లు పెట్టడం నరకం.

గీయడం. ఏ4 కాగితం మీద పొడవునా 5 మి.మీ.కు ఒక గీత చొప్పున సన్నగా గీయండి. ప్రతి గీతకు పైన 2.5 మి.మీ. దగ్గర ఇంకా సన్నగా మరో గీత గీస్తే గాటు అక్కడిదాకా అని తెలుస్తుంది.

రంగు. కోయకముందే కాగితానికి అడుగు రంగు వేసేయండి. పాత చెక్కకు బూడిద, గోధుమ కలిపిన పల్చటి రంగు. నీళ్లు తక్కువ, బ్రష్ దాదాపు పొడిగా ఉండాలి. ఒక కాగితానికి కాస్త ముదురు, రెండోదానికి కాస్త లేత రంగు వేస్తే పట్టీలు కలిపి వాడేటప్పుడు కప్పుకు సహజమైన తేడా వస్తుంది. కాగితం ఆరాక లావుపాటి పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి.

గాట్లు. కాగితాన్ని నాలుగు మూలలా టేప్‌తో మ్యాట్‌కు అతికించండి. 5 మి.మీ. గీత నుంచి పైకి 2.5 మి.మీ. దాకా బ్లేడు మొనతో ఒక్కో గాటు. బ్లేడు లాగొద్దు, మొన ఆనించి కిందికి ఒత్తండి. పదునైన బ్లేడయితే కాగితం తెగినప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు పోయి కాగితం గుంజుకుంటున్నట్టు అనిపించిన క్షణమే బ్లేడు మొన విరిచి కొత్తది తీసుకోండి. మొద్దు బ్లేడు గాటు దగ్గర కాగితాన్ని పైకి లేపుతుంది, ఆ తర్వాత ఏ జిగురూ దాన్ని అణచలేదు.

గాటు గీతకు కింద అర మిల్లీమీటరు దాటినా కంగారు వద్దు. అది కింది పట్టీ పై అంచు, కప్పులో ఎలాగూ దాగిపోతుంది. పైకి 2.5 దాటి పోతే మాత్రం పట్టీ బలం పోతుంది.

గాట్ల మధ్య దూరం: 2, 3, 1.5, 2.5, 4, 1... ఇలా తోచినట్టు. చెయ్యి తెలియకుండానే ఒకే దూరానికి అలవాటు పడిపోతుంది. ప్రతి నాలుగైదు గాట్లకు ఒకసారి కావాలని ఒక వెడల్పుది, ఒక సన్నది పెట్టండి. తారు షింగిల్స్ అయితే దీనికి సరిగ్గా వ్యతిరేకం. అంతటా 3.5 మి.మీ. సమానంగా ఉండాలి, ఎదురుగా స్కేలు పెట్టుకుని చేయాలి.

పట్టీలుగా కోయడం. గాట్లన్నీ అయ్యాక 5 మి.మీ. గీతల వెంట స్టీల్ స్కేలు పెట్టి కోయండి. అన్నీ ఒకే ఎత్తు ఉండాలి. కోసినవాటిలో ఏవైనా 10 పట్టీలు ఒకదానిపై ఒకటి పెట్టి పై అంచులు సరిచేసి కింది అంచులు చూడండి. ఏదైనా బయటికి పొడుచుకొస్తే దాన్ని తీసి, కొప్పు పనికి దాచండి.

ఈ ఉదాహరణ కప్పుకు గాట్లు కొన్ని వేలు అవుతాయి. ఒకేసారి కూర్చుని చేసే పని కాదు. రోజూ సాయంత్రం కొన్ని పట్టీల చొప్పున చేసి కవరులో వేసుకోండి. లేజర్ కటింగ్ దుకాణంలో కోయించుకోవచ్చు కదా అని అడుగుతారు. తారు షింగిల్స్‌కు అది మంచి దారి. చెక్క షింగిల్స్‌కు మాత్రం చేతి గాట్లే బాగుంటాయని నా అభిప్రాయం. లేజర్ ఫైలులో ఒకే నమూనా తిరిగి తిరిగి వస్తే రెండో చూపులోనే తెలిసిపోతుంది.

7. అంటించడం

కిందనుంచి పైకి. వాన నీళ్లు పై షింగిల్ మీంచి కింది షింగిల్ మీదకు జారాలి కదా. పైనుంచి మొదలుపెడితే ప్రతి వరుసా తిరగబడుతుంది.

*అడుగు పట్టీ.* మొదట గాట్లు లేని ఒక పట్టీ చూరు వెంట అంటించండి. దాని మీదే మొదటి వరుస వస్తుంది. అసలు కప్పుల్లో కూడా చూరు దగ్గర రెండు పొరలు వేస్తారు. లేకపోతే మొదటి వరుస గాట్లలోంచి నీళ్లు నేరుగా చెక్కకు తగులుతాయి. మోడల్‌లో దీని వల్ల చూరు అంచు కాస్త మందంగా, గట్టిగా కనిపిస్తుంది.

*జిగురు.* ఫెవికాల్‌లో నీళ్లు కలపకండి. చిన్న మూతలో కొంచెం తీసుకుని చదును బ్రష్‌తో పలక మీద, రాబోయే పట్టీ పై సగం కూర్చునే చోట మాత్రమే పల్చగా రాయండి. జిగురు కింద పెన్సిల్ గీత కనిపిస్తూ ఉంటే మోతాదు సరిగ్గా ఉన్నట్టు. గాట్లున్న కింది సగానికి జిగురు తగలకూడదు. రెక్కలు విడిగా ఉండి అక్కడక్కడ వెంట్రుకవాసి లేస్తేనే చెక్కలా కనిపిస్తాయి.

*పట్టీ పెట్టడం.* రెండు చివరలా 2 మి.మీ. అదనంగా వదిలేలా పట్టీని పట్టుకుని, ముందు మధ్యలో గీతకు ఆనించండి. తర్వాత ఎడమ, ఆ తర్వాత కుడి. ఒక చివర నుంచి మొదలుపెడితే అవతలి చివరకు వెళ్లేసరికి గీత దాటిపోతుంది. పై అంచు గీతకు సరిగ్గా తాకాక స్టీల్ స్కేలు వీపుతో ఒకసారి ఒత్తండి.

*గాట్లు కలవకుండా.* కింది వరుస గాటు మీద పై వరుస గాటు పడకూడదు. పడితే నీళ్లు లోపలికి దిగుతాయి, చూడ్డానికీ నిలువు గీతలా బయటపడుతుంది. జిగురు తడిగా ఉండగానే పట్టీని ఎడమకో కుడికో అర మిల్లీమీటరు జరపండి. చెక్క షింగిల్స్‌లో ఒకట్రెండు చోట్ల కలిసినా పర్వాలేదు, వరుసగా మూడు మాత్రం కలవకూడదు. తారు షింగిల్స్‌కు ఒక వరుసకు, దాని పై వరుసకు సగం రెక్క తేడా, అంటే 1.75 మి.మీ.

*ప్రతి ఐదో వరుసకు ఆగండి.* గది లైటు ఆపి, మొబైల్ టార్చ్‌ను కప్పు పక్కన బల్ల మీద పడుకోబెట్టి వెలిగించండి. ఏటవాలు వెలుతురులో ప్రతి వరుస నీడా ఒక గీతలా కనిపిస్తుంది. ఎక్కడ వంకర ఉన్నా అక్కడ నీడ విరుగుతుంది. తడి ఆరకముందే దొరికితే పట్టీ తీసి మళ్లీ పెట్టవచ్చు. తర్వాత పాలిథీన్ కవరు కప్పి, పైన చదునైన బరువు పెట్టి ఓ పావుగంట వదిలేయండి.

పక్క అంచులను వరుస వరుసకూ కోయకండి. వాలు మొత్తం అయ్యాక, పూర్తిగా ఆరాక, అడుగు వైపు నుంచి పలక అంచు వెంట ఒకేసారి కోయాలి.

8. మన వాతావరణంతో

హైదరాబాద్ ఎండాకాలంలో పల్చగా రాసిన ఫెవికాల్ నిమిషంలోనే పైన పొర కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వరుస మొత్తానికి ఒకేసారి రాయకండి, సగం సగం రాసుకుంటూ పోండి. ఫ్యాన్ కింద పట్టీలు నిలవవు. కూలర్ ఎదురుగా కూర్చుంటే ఇంకో ఇబ్బంది, దాని తేమకు కాగితం మెత్తబడి కోసిన అంచులు నలుగుతాయి. తెల్లవారుజామున పని చేయడం అన్నిటికన్నా హాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా దీనికి ఎదురు. జిగురు త్వరగా ఆరదు. 10 వరుసలు వేసి రాత్రంతా బరువు కింద ఉంచడమే దారి. కోసిన పట్టీలను సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో దాచండి.

9. కొప్పు, పొగగొట్టం, వాలులు కలిసే మూలలు

*కొప్పు.* చివరి వరుసల పట్టీలు కొప్పు దాటి పైకి వస్తాయి. వాటిని కొప్పు గీత దగ్గర తిన్నగా కోయండి. పాత చెక్క కప్పులకు కొప్పు మీద రెండు పలకలు వేస్తారు. 1.75 మి.మీ. వెడల్పు కార్డు పట్టీలు, వాలుకు ఒకటి. తారు షింగిల్స్‌కు 3.5 మి.మీ. వెడల్పు చిన్న ముక్కలను మధ్యకు మడిచి, ఒక చివర నుంచి మరో చివరకు 1.5 మి.మీ. కనిపించేలా ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ పోవాలి. మడత పెట్టకముందు ముక్క వెనుక బ్లేడు వీపుతో ఒక గీత లాగితే కాగితం పగలదు.

*లోపలి మూల.* రెండు వాలులు లోపలివైపు కలిసే చోటును వ్యాలీ అంటారు. కప్పు మీద పడ్డ నీళ్లన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి అసలు కప్పుల్లో అక్కడ రేకు వేస్తారు. మీరూ షింగిల్స్ కన్నా ముందే బూడిద రంగు వేసిన 8 మి.మీ. కాగితం మధ్యకు మడిచి అక్కడ అంటించండి. తర్వాత రెండు వైపుల పట్టీలు దాని మీదికి రావాలి. మధ్యలో 3 మి.మీ. రేకు కనిపించేలా చివర్లో ఏటవాలుగా కోయాలి. స్కేలు గట్టిగా పట్టుకుని ఒక్క కోతలో తెంచండి. బ్లేడు రేకు దాకా దిగకుండా పట్టీల కింద సన్నటి ప్లాస్టిక్ ముక్క దూర్చి పెట్టుకోండి.

*పొగగొట్టం.* చుట్టూ 1 మి.మీ. బూడిద పట్టీ. కింది వైపు పట్టీ షింగిల్స్ మీద, పై వైపు పట్టీ షింగిల్స్ కింద ఉండాలి. వాన నీటి ప్రశ్న వేసుకుంటే ఇది మళ్లీ ఎప్పుడూ తారుమారు కాదు.

10. బెంగళూరు పెంకుల కప్పుకు

మన దక్షిణ భారత స్టేషన్, గేట్‌మ్యాన్ గుడిసె, రైల్వే క్వార్టర్ చేసేవాళ్లకు షింగిల్స్ కన్నా ఇదే ఎక్కువ అవసరం. పద్ధతి అదే, ఈ మార్పులతో:

- కాగితం 180–200 జీఎస్ఎం. పెంకు షింగిల్ కన్నా మందం.
- కనిపించే ఎత్తు సుమారు 4 మి.మీ., వెడల్పు సుమారు 2.4 మి.మీ. పట్టీ ఎత్తు 6 మి.మీ. పై అంచు గీతలు 4 మి.మీ.కు ఒకటి.
- గాట్లు వద్దు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో పట్టీ వెనుక వైపు ప్రతి 2.4 మి.మీ.కు ఒత్తి గీయండి. ముందు వైపు పెంకు గట్టులా ఉబ్బుతుంది. కింద పాత మౌస్‌ప్యాడ్ లాంటి మెత్తటిది పెట్టుకోండి.
- ఈ గట్లు చూరు నుంచి కొప్పు దాకా ఒకే నిలువు వరుసలో ఉండాలి. షింగిల్స్‌కు చెప్పినట్టు పక్కకు జరపకండి. పలక మీద అడ్డ గీతలతో పాటు నిలువు గీతలూ గీసుకోవాలి.
- కొప్పు మీద సగం గొట్టంలా వంగిన పెంకులు వస్తాయి. తడి కాగితాన్ని టూత్‌పిక్‌కు చుట్టి, ఆరాక నిలువునా సగానికి కోసి, 4 మి.మీ. ముక్కలు చేయండి. రెండు పక్కలా సున్నం పూసినట్టు లేత బూడిద రంగు సన్నగా.

రంగు ఒకటే ఎరుపు వేస్తే బొమ్మ ఇల్లవుతుంది. రెడ్ ఆక్సైడ్‌కు కొంచెం నారింజ, కొంచెం గోధుమ కలిపి మొదటి కోటు. తర్వాత వానలకు నల్లబడ్డ మరకలు కొప్పు నుంచి కిందికి. ఆ నల్లటి కప్పులో మూడు నాలుగు పెంకులకు కొత్త ఎరుపు వేయండి. పగిలినవాటి స్థానంలో కొత్తవి వేసిన కప్పులు అలాగే ఉంటాయి. వంటగది మీద ఒక అద్దం పెంకు పెట్టాలనుకుంటే అక్కడ పలకకు చిన్న కన్నం చేసి ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) ముక్క అంటించండి. లోపల లైటు వెలిగితే ఆ ఒక్క చోట కప్పు మెరుస్తుంది.

11. పాతబడిన రంగు

చెక్క షింగిల్స్ కప్పు ఆరాక చూస్తే గాట్ల లోపల తెల్లటి కాగితం కనిపిస్తుంది. 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 20 చుక్కల నల్ల ఇండియన్ ఇంకు కలిపి, వాడకముందు వేరే పట్టీ మీద చూసుకుని, కప్పు మీద కొప్పు నుంచి చూరు వైపుగా పూయండి. నీళ్ల రంగు కాగితాన్ని ఉబ్బిస్తుంది, ఇది త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి ఉబ్బించదు. కిటికీలు తెరిచి, దీపం, పొయ్యి దగ్గర లేకుండా చేయాలి.

తర్వాత అక్కడక్కడ ఒక్కో షింగిల్‌కు కాస్త వేరే రంగు. పదింటికి ఒకటి చాలు. చివరగా లేత బూడిద రంగు పొడి బ్రష్‌తో చూరు నుంచి కొప్పు వైపు తేలిగ్గా ఒకసారి రాస్తే రెక్కల అంచులు తేలుతాయి. మెరుపు లేని వార్నిష్ రెండు పల్చటి పొరలు వేయండి. ఒకే మందపాటి పొర వేస్తే రెక్కలు అతుక్కుపోతాయి.

12. తప్పులు, దిద్దుబాట్లు

పట్టీ అలలుగా లేచింది. పోగు అడ్డం అయినా ఉండాలి, జిగురు ఎక్కువైనా అయి ఉండాలి. తడిగా ఉంటే తీసేయండి. ఆరిపోతే అల మీద ఒక గాటు పెట్టి, సన్న సూది మొనతో జిగురు పంపి బరువు పెట్టండి.

కప్పు వంగింది. అడుగున వార్నిష్ లేని చోట అదే ఫెవికాల్‌తో మామూలు కాగితం అంటించి, చదునుగా బరువు కింద రెండు రోజులు ఉంచండి. చాలావరకు తిరిగొస్తుంది.

సగానికి వచ్చాక వరుసలు ఏటవాలుగా పోతున్నాయి. రెండు చివరలా చూరు నుంచి కొలిచి తేడా చూడండి. 1 మి.మీ. లోపు అయితే రాబోయే 10 వరుసల్లో సర్దండి. అంతకు మించితే, తేడా మొదలైన చోటు దాకా పీకేయడమే మేలు.

తెల్లటి జిగురు మెరుపు. ఆరిన ఫెవికాల్ మీద రంగు పట్టదు. తడి గుడ్డతో వెంటనే తుడవాలి. ఆరిపోతే బ్లేడు మొనతో గీకి మ్యాట్ వార్నిష్ వేసి, ఆపైన రంగు.

రెక్కలు విరిగిపోయాయి. కొన్ని విరిగినా వదిలేయండి. పాత కప్పుకు అది అందమే. వరుసగా విరిగితే ఒక్కో షింగిల్ ముక్కను కింద దూర్చి అంటించవచ్చు.

13. భవనం మీద పెట్టేముందు

- పక్క అంచులు తిన్నగా కోశానా?
- చూరు రెండు వైపులా సమానంగా బయటికి వచ్చిందా?
- కొప్పు ముక్కలు ఒకే దిక్కుకు ఎక్కాయా?
- కోసిన కాగితం అంచులకు రంగు తగిలిందా? తెల్లగా ఒక్క గీత మిగిలినా దూరం నుంచి కనిపిస్తుంది.
- అడుగున నల్ల రంగు ఉందా?
- పుల్లలు గోడలకు తగలకుండా కప్పు కూర్చుంటోందా?

కప్పును గోడలకు అతికించకండి. గోడల లోపలివైపు ఉండే అడుగు పుల్లలే దాన్ని పక్కకు జారకుండా ఆపుతాయి. లైటు మార్చాలన్నా, లోపల మనిషి బొమ్మ పెట్టాలన్నా ఎత్తి తీసే వీలుండాలి. ఎత్తేటప్పుడు చూరు పట్టుకోకండి, వేళ్ల కింద నలిగేది మొదటి వరుసే. రెండు పక్కల ముక్కోణపు గోడల దగ్గర, పలక అంచును పట్టుకుని ఎత్తండి.